శరీర పునరుత్థానాన్ని నమ్మే మనం శరీరాన్ని చూసి ఎందుకు కుంగిపోతాం?

తన రూపం గురించి బాధపడే మనిషికి క్రైస్తవ సంఘంలో సాధారణంగా రెండు ఓదార్పు మాటలు దొరుకుతాయి. దేవుడు పైరూపాన్ని చూడడు, హృదయాన్నే చూస్తాడు, కాబట్టి శరీరం గురించి దిగులు అనవసరం అన్నది మొదటిది. లోకం ఏమన్నా సరే, దేవుని దృష్టిలో నువ్వు అందమైనదానివే అన్నది రెండవది. నా ముఖం మీదా చేతుల మీదా బొల్లి మచ్చలు వచ్చి చాలా కాలమైంది కనుక ఈ రెండు మాటలనూ ఎంతోమంది నోట విన్నాను. చెప్పినవారిలో ఎక్కువమంది ప్రేమతోనే చెప్పారు, వారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆ ఓదార్పు ఎప్పుడూ ఎక్కువసేపు నిలిచేది కాదు. మొదటి మాట నా శరీరాన్ని లెక్కలోంచే తీసివేస్తుంది. రెండవ మాట అందాన్నే కొలబద్దగా ఉంచి, కొలత మాత్రం నాకు అనుకూలంగా వచ్చిందని చెబుతుంది. లేఖనాలు చెప్పేది ఈ రెండింటికన్నా విచిత్రంగానూ, ఒప్పుకోవడానికి కష్టంగానూ ఉంటుంది. దానిమీదే నిలబడటం నేర్చుకుంటున్నాను కనుక దాని గురించే రాస్తున్నాను.

మొదటి మాటకు ఆధారంగా చూపే వచనం 1 సమూయేలు 16:7. "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును" అన్న మాట యెష్షయి పెద్ద కుమారుడు ఏలీయాబును చూసి ఇతడే కాబోయే రాజని సమూయేలు అనుకున్న సందర్భంలో వస్తుంది. జనులందరికన్నా భుజాలు పైకి కనిపించేంత ఎత్తరి అయిన సౌలును రాజుగా ఉండకుండా దేవుడు ఎలా తిరస్కరించాడో అప్పటికే పాఠకుడికి తెలుసు. రాజును ఎంచుకోవడానికి ఎత్తు, రూపం ప్రమాణాలు కావని చెప్పడమే ఆ వచనం పని. శరీరం దేవునికి పట్టదని చెప్పడం దాని పని కాదు. పట్టకపోతే అదే అధ్యాయంలో ఐదు వచనాల తర్వాత దావీదు ఎర్రనివాడనీ, చక్కని కళ్లు గలవాడనీ, చూడటానికి సుందరుడనీ గ్రంథకర్త అంత ముచ్చటగా రాసి ఉండేవాడు కాడు. ప్రసంగాల్లో ఏడవ వచనం విన్నంత తరచుగా పన్నెండవ వచనం వినబడకపోవడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

శరీరం ముఖ్యం కాదు, ఆత్మ ఒక్కటే ముఖ్యం అన్న ఆలోచన చాలా భక్తిగా వినిపిస్తుంది. కానీ తొలి సంఘం దాన్ని భక్తిగా కాక ప్రమాదంగా గుర్తించింది. క్రీస్తు నిజమైన శరీరంతో రాలేదు, శరీరం ఉన్నట్టు కనిపించాడంతే అని బోధించినవారిని ఎదుర్కొంటూనే యోహాను తన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయంలో, యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడమే ఆత్మలను గుర్తించే పరీక్ష అని రాశాడు. రెండవ శతాబ్దం ఆరంభంలో హతసాక్షి కావడానికి రోమాకు తీసుకుపోబడుతున్న అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ స్ముర్న సంఘానికి రాసిన లేఖలో ఇదే విషయాన్ని పట్టుపట్టి చెప్పాడు. మరో వందేళ్ల తర్వాత ఉత్తర ఆఫ్రికా క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్, రక్షణకు శరీరమే కీలు అన్నాడు. నీళ్లలో మునిగేది శరీరమే, రొట్టెనూ ద్రాక్షారసాన్నీ తీసుకునేది శరీరమే, ప్రార్థనలో మోకరించేదీ చేతులెత్తేదీ అదే. ఇన్ని పనుల్లో దాన్ని వాడుకునే విశ్వాసం, అద్దం ముందు నిలబడినప్పుడు మాత్రం అది లేనట్టే భావించుకోమని ఎలా చెప్పగలదు?

రెండవ ఓదార్పు ఇంకాస్త మధురమైనది, అందుకే దాన్ని వదులుకోవడం నాకు ఎక్కువ కష్టమైంది. కానీ లేయా కథ చదివిన ప్రతిసారీ అది నిలబడదని తోస్తుంది. ఆదికాండము 29లో రాహేలు రూపవతి, సుందరి అని రాశారు, లేయా గురించి ఆమె కళ్ల బలహీనత తప్ప ఏమీ రాయలేదు. దేవుని దృష్టిలో లేయాయే అందగత్తె అని ఆ తర్వాత ఎక్కడా సర్దిచెప్పలేదు కూడా. ఆమె ద్వేషింపబడిందని యెహోవా చూశాడని మాత్రమే రాశారు. ఆమె కడుపున పుట్టిన లేవి నుంచి యాజకులు, యూదా నుంచి దావీదు, ఆ వంశంలోనే క్రీస్తు వచ్చారు. ఆమె అందంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు లేఖనం జవాబు చెప్పదు, ఎందుకంటే దేవుడు ఆమె పక్షాన నిలబడటానికి ఆ జవాబు అవసరం కాలేదు. యెషయా 53లోని సేవకునికైతే "సురూపమైనను సొగసైనను లేదు" అని నేరుగానే రాశారు. ఆ సేవకునిలో క్రీస్తును చూసే మనం, దేవుని ప్రేమకు పాత్రులమని నిరూపించుకోవడానికి మొదట అందమైనవారమని నిరూపించుకోవాలనుకోవడం ఆశ్చర్యమే. నేను అందంగా ఉన్నానని ఎవరైనా అంటే ఇప్పుడు కృతజ్ఞతతో వింటాను, కానీ నా విలువను ఆ మాటకు తగిలించను. రేపు మరొకరు దానికి విరుద్ధంగా మాట్లాడగలరు కదా.

చర్మం విషయంలో బైబిలుకు, నాబోటివారికి మధ్య ఒక పాత లెక్క ఉంది. లేవీయకాండము 13వ అధ్యాయంలోని 59 వచనాలూ చర్మం మీద, వస్త్రాల మీద వచ్చే మచ్చలను యాజకుడు ఎలా పరీక్షించాలో చెబుతాయి. అపవిత్రమని తేలినవాడు పాళెం వెలుపల ఒంటరిగా ఉండాలి. ఈ అధ్యాయాన్నీ, కుష్ఠు గురించిన భయాన్నీ కలిపి తెల్ల మచ్చలున్న ప్రతివారినీ అనుమానించిన చరిత్ర చాలా పొడవైనది. అయితే 38, 39 వచనాల్లో పురుషునికైనా స్త్రీకైనా చర్మంపై తెల్లని మచ్చలు కనిపించినప్పుడు, అవి వెలవెలబోయిన తెలుపు రంగులో ఉంటే ఆ మనిషి పవిత్రుడే అని స్పష్టంగా తీర్పు ఉంది. అది నాకున్న స్థితే అని ఖాయంగా చెప్పలేను, ప్రాచీన వర్ణనల నుంచి రోగనిర్ధారణ చేయడం సాధ్యం కాదు. కానీ చూసి, తేల్చి, పవిత్రుడని పంపించే యాజకుడు ఆ అధ్యాయంలోనే ఉన్నాడని తెలియడం నాకు మేలు చేసింది. బొల్లిలో జరిగేది కూడా అంత రహస్యమేమీ కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ, చర్మానికి రంగునిచ్చే కణాలను పొరపాటున నాశనం చేస్తుంది. అది అంటదు, నొప్పి పెట్టదు, ఎవరి పాపానికీ గుర్తు కాదు.

పాపానికి గుర్తు కాదన్న మాటను ఇంకా చెప్పవలసి రావడమే బాధ. పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు తేల్చేశాడు. రెండువేల ఏళ్ల కిందట మూసిన ఆ ప్రశ్నను మనవాళ్లు ఇప్పటికీ కాస్త మెత్తని గొంతుతో తెరుస్తూనే ఉంటారు. "సిస్టర్, మీ జీవితంలో ఒప్పుకోనిది ఏదైనా ఉందేమో చూసుకోండి" అన్న సలహా నాకు వచ్చింది. ఒప్పుకోవలసినవి చాలానే ఉన్నాయి, కానీ వాటికీ, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌కూ సంబంధం లేదు.

ఇక్కడ ఒక కఠినమైన భాగాన్ని దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. లేవీయకాండము 21వ అధ్యాయం, అహరోను సంతానంలో శరీరానికి లోపమున్నవాడు బలిపీఠం దగ్గర సేవ చేయకూడదని చెబుతుంది. అలాంటివాడు పరిశుద్ధమైన ఆహారం తినవచ్చని వెంటనే చెప్పినా, గుడ్డివాడు, కుంటివాడు, గూనివాడు అంటూ సాగే ఆ జాబితా ఏదో ఒక లోపమున్నవారికి చదవడం సులభం కాదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం నపుంసకులను సమాజంలోకే రానివ్వదు. ఆ భాగాల ఉద్దేశాన్ని పండితులు రకరకాలుగా వివరిస్తారు. నాకు సాయపడింది మాత్రం లేఖనం తనలో తాను సాగిన తీరు. యెషయా 56లో, నేను ఎండిన చెట్టును అని నపుంసకుడు అనుకోకూడదనీ, దేవుని మందిరంలో కుమారులకన్నా కుమార్తెలకన్నా శ్రేష్ఠమైన పేరు అతనికి ఇవ్వబడుతుందనీ వాగ్దానం వస్తుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన ఒక నపుంసకుడు యెరూషలేములో ఆరాధించి తిరిగివెళుతూ రథంలో కూర్చుని చదువుతున్నది ఆ యెషయా గ్రంథమే, అందులోనూ రూపం లేని సేవకుని గురించిన 53వ అధ్యాయం. ఆ చుట్టలో ఇంకో మూడు అధ్యాయాలు ముందుకు వెళితే అతని గురించిన వాగ్దానం అతనికి దొరుకుతుంది. దారిపక్కన నీళ్లు చూసి తనకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేమిటని అతడు ఫిలిప్పును అడుగుతాడు. జీవితమంతా శరీరం కారణంగా ఆటంకాలు చూసినవాడు వేయదగిన ప్రశ్నే అది. ఫిలిప్పు దగ్గర ఏ ఆటంకమూ లేదు, ఇద్దరూ నీళ్లలోకి దిగారు. శరీరం గురించి క్రైస్తవులకు ఒక్క కథే చెప్పే అవకాశముంటే నేను ఏదెను తోటకన్నా ముందు ఈ కథనే ఎంచుకుంటాను.

కార్డుల మీద ముద్రించే 139వ కీర్తనకు వద్దాం. "నీవు నన్ను కలుగజేసిన విధము చూడగా భయమును ఆశ్చర్యమును నాకు పుట్టుచున్నవి" అన్న పద్నాలుగవ వచనాన్ని విడిగా తీసి ఆత్మవిశ్వాస సూత్రంలా వాడటం అలవాటైపోయింది. మొదటి వచనం నుంచి చదివితే ఈ కీర్తనలోని మనిషి తన రూపాన్ని మెచ్చుకుంటున్నవాడు కాడు. తనను ఎవరో పూర్తిగా చూస్తున్నారని తెలిసి ఊపిరాడక, "నీ సన్నిధినుండి నేనెక్కడికి పారిపోవుదును?" అని అడుగుతున్నవాడు. కనీసం చీకటైనా నన్ను కప్పితే బాగుండునని కూడా అతను అనుకుంటాడు. నలుగురి చూపులు తన ముఖం మీదే ఆగిపోవడం తెలిసినవారికి ఆ కోరికను వివరించనక్కరలేదు. పొడుగు చేతుల దుస్తులు, ఫోటోలో వెనక వరుస, దీపం నీడలో ఉన్న కుర్చీ, ఇవన్నీ ఆ కోరిక నుంచి పుట్టినవే. కీర్తన మలుపు తిరిగేది అక్కడే. ఆ చీకటి దేవునికి చీకటి కాదని తెలిసిన తర్వాతే తల్లిగర్భం ప్రస్తావన వస్తుంది. "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను" అంటాడు. ఇంకా రూపమే ఏర్పడని దశలో, ఎవరూ అందమనో వికారమనో అనలేని దశలో చూసిన చూపు అది. మనుషుల చూపు పోల్చడానికి చూస్తుంది, ఆ చూపులో పోలిక లేదు. అతని ఆశ్చర్యం తన శరీరం మీద మొదలై చేసినవాని దగ్గరికి చేరుతుంది. నన్ను నేను అంగీకరించడం అంటే నన్ను నేను ఇష్టపడేదాకా అద్దంలో చూసుకోవడం అని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అంతకన్నా ముందే చూడబడ్డానని నమ్మి, అద్దం ముందు నుంచి లేచి నా పని చూసుకోవడం అని అనుకుంటున్నాను.

అయితే ఒక సందేహం మిగులుతుంది. మచ్చలు నేను తల్లిగర్భంలో ఉన్నప్పుడు రాలేదు, తర్వాత వచ్చాయి. దేవుడు చేసినదంతా చాలా మంచిదని చెప్పి నా రోగనిరోధక వ్యవస్థ పొరపాటును కూడా మంచిదనాలా? అలా అనమని నన్ను ఎవరూ బలవంతపెట్టనవసరం లేదని రోమా 8వ అధ్యాయం చదివాక తెలిసింది. అక్కడ సృష్టి అంతా మూలుగుతున్నదనీ, మనమూ దేహ విమోచన కోసం కనిపెడుతూ మూలుగుతున్నామనీ పౌలు రాస్తాడు. దేహం నుంచి విమోచన అనలేదు, దేహానికే విమోచన అన్నాడు. శరీరాన్ని బహుమానంగా తీసుకుంటూనే అందులో చెడిపోయినదాని గురించి మూలగవచ్చన్నమాట. అందువల్ల చికిత్స తీసుకోవడాన్ని విశ్వాసలోపంగా గానీ, స్వీయ అంగీకారం లేకపోవడంగా గానీ నేను చూడను. అతినీలలోహిత కిరణాల చికిత్స, పూత మందులు కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి అంతగా పనిచేయవు. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రుక్సోలిటినిబ్ క్రీమును ఈ స్థితికి ఆమోదించింది. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం తీసుకోమని చెప్పిన పౌలు, చర్మవైద్యుని దగ్గరికి వెళ్లేవారిని నిందిస్తాడని నాకు అనిపించదు. మచ్చలను రంగుతో కప్పుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసినది. కప్పుకోకపోతేనే ధైర్యవంతులన్న కొత్త చట్టాన్ని మోయడం నాకిష్టం లేదు.

సంఘానికి వెళ్లినంత మాత్రాన పోలికల బాధ తప్పదు. ఫిజీలోని నద్రోగా ప్రాంతానికి టెలివిజన్ 1995లో వచ్చింది. అక్కడి స్థానిక ఫిజీ ప్రజల్లో అత్యధికులు క్రైస్తవులు, నిండైన శరీరాన్ని మెచ్చుకునే సంస్కృతి వారిది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు కౌమారంలోని బాలికలను టెలివిజన్ కొత్తగా వచ్చినప్పుడూ, మళ్లీ 1998లోనూ ప్రశ్నించి చూసినప్పుడు, ఆహారం విషయంలో అసాధారణ ధోరణులను సూచించే స్థాయిలో ఉన్నవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. అది చిన్న అధ్యయనమే, దాన్నుంచి మరీ పెద్ద నిర్ధారణలు చేయకూడదు. అయినా అప్పటికి చేతిలో ఫోను కూడా లేదు, ఇంట్లో ఒక మూల ఉన్న పెట్టె ఒక్కటే.

మగవారికి ఈ బాధ లేదనుకోవడం కూడా సరికాదు. ఎలీషా బట్టతలను గుంపుగా వెక్కిరించారు, జక్కయ్య పొట్టితనం అతన్ని చెట్టెక్కించింది, కొరింథులో పౌలును "శరీరరూపమునకు బలహీనుడు" అన్నారు. మగవారు దీని గురించి మాట్లాడటం తక్కువ, అంతే తేడా.

నాకు నిజంగా కోపం తెప్పించేది, దేహం పరిశుద్ధాత్మకు ఆలయం అన్న 1 కొరింథీయులకు 6:19ను బరువు గురించిన వ్యాఖ్యలకు వాడటం. ఆ భాగంలో పౌలు మాట్లాడుతున్నది వేశ్యల దగ్గరికి వెళ్లే కొరింథు పురుషుల గురించి. అదే పత్రిక 12వ అధ్యాయంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమనీ, ఘనత తక్కువని తలచే అవయవాలనే మనం ఎక్కువగా ఘనపరుస్తామనీ రాశాడు. ఆరోగ్యాన్ని కాపాడుకోవడం మంచి విషయమే, దానికి ఈ వచనాన్ని ఆయుధం చేయనవసరం లేదు. ఆరాధన ముగిసి బయటికి వస్తున్న అమ్మాయితో "లావయ్యావేంటమ్మా" అని నవ్వుతూ అనేవారికి, ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి ఏం చేస్తుందో తెలియదు. అనోరెక్సియా వంటి ఆహార రుగ్మతలు మానసిక వ్యాధుల్లో మరణాల రేటు అత్యధికంగా ఉన్నవాటిలో చేరతాయి. విశ్వాసుల విషయంలో అవి ఉపవాసం పేరుతో దాక్కోగలవు కూడా. ఇటలీకి చెందిన మధ్యయుగపు భక్తురాలు సియెనా కేథరిన్ 1380లో 33 ఏళ్ల వయసులో మరణించే నాటికి దాదాపు ఏమీ తినలేని స్థితికి చేరింది. ఆమె భక్తిని నేను శంకించడం లేదు, కానీ ఆ మార్గాన్ని ఒక యువతికి ఆదర్శంగా చూపించలేను. తినడం గురించి భయం, తిన్న తర్వాత అపరాధభావం రోజూ వెంటాడుతుంటే పాస్టర్ గారితో పాటు డాక్టరుతోనూ మాట్లాడాలి, ఆ సమయంలో ఉపవాసం మానుకోవడం పాపం కాదు.

క్రీస్తు పునరుత్థాన శరీరం దగ్గరే నా ఆలోచనలు ఎప్పుడూ ఆగుతాయి. మరణాన్ని జయించి, తలుపులు మూసి ఉన్న గదిలోకి రాగలిగిన ఆ శరీరం నుంచి మేకుల గుర్తులు పోలేదు. తోమా వేలు చాపి చూడగలిగేలా అవి అలాగే ఉన్నాయి. ఐదవ శతాబ్దంలో అగస్టీన్ దైవనగరం గురించి రాసిన తన గ్రంథం చివరి భాగంలో, హతసాక్షుల గాయాల గుర్తులు పునరుత్థానంలో కనిపించవచ్చుననీ, అవి వికారంగా కాక గౌరవంగా ఉంటాయనీ ఊహించాడు. ఆ పేజీల్లోనే, లావుగా ఉన్నవారూ సన్నగా ఉన్నవారూ అక్కడ తమ రూపం గురించి భయపడనవసరం లేదని కూడా రాశాడు. అంతటి వేదాంతి అంత మామూలు దిగులును పట్టించుకోవడం నాకు ముచ్చటేసింది. నా మచ్చలు హతసాక్ష్యపు గుర్తులు కావు, ఆ రోజు అవి ఉంటాయో పోతాయో నాకు తెలియదు. లేచేది మాత్రం ఇదే శరీరం, ఇంకెవరిదో కాదు.

ఈలోగా నా స్వస్థత కోసం ప్రార్థిస్తామని ముందుకు వచ్చేవారిని నేను కాదనను. పౌలు కూడా శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధ తొలగాలని ముమ్మారు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు ఆ తర్వాతే వచ్చింది. నా మనవి ఒక్కటే. తలమీద చేయి పెట్టేముందు ఒకసారి అడగండి. బర్తిమయి గుడ్డివాడని యెరికోలో అందరికీ తెలుసు, అయినా ప్రభువు అతన్ని పిలిపించి తనకేం కావాలో అతని నోటితోనే చెప్పనిచ్చాడు. నన్ను అడిగితే, ఒక్కోసారి చర్మం గురించి చెబుతాను. చాలాసార్లు మాత్రం ఉద్యోగం గురించో, సరిగా పట్టని నిద్ర గురించో, అమ్మ మోకాళ్ల గురించో చెబుతాను.